ఆటస్థలమునకు ముందు నీడ, నీరు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు అన్నారు. ఆ భాగ్యమును సంపాదించుకొనుటకు ఆటలు ముఖ్యసాధనమని మన వార్షిక సంచికలో ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు వ్రాయుచునే ఉన్నారు. ఆ మాటను మేము మరల వ్రాయబోవుట లేదు. ఆడేవారికి కాలి క్రింద ఏమి ఉండవలెను, నెత్తిమీద ఏమి ఉండవలెను, ఏ వేళ ఆడవలెను, వాన పడినప్పుడు ఆ నీరు ఎటు పోవలెను అను నాలుగు ప్రశ్నలను పాఠకుల ముందుంచుట మా ఉద్దేశము. ఇవి చిన్న ప్రశ్నలుగా తోచవచ్చును. కాని మన జిల్లాలో, మన కళాశాల వంటి ఇరుకు ప్రాంగణములో, ఈ నాలుగింటికి సమాధానము చెప్పుకొనకుండ కట్టిన ఆటస్థలము నిలువదని మా నమ్మకము.

మాలో కొందరము శింగనమల నుండి వచ్చి ఈ పట్టణములో చదువుకొనుచున్నవారము. మా ఊరి చెరువు జిల్లాలోని పెద్ద చెరువులలో ఒకటి. మా చిన్ననాట చెరువు ఎండిన వేసవులలో ఆ చెరువే మాకు మైదానము. పొద్దు పొడవకముందే బంతి, బ్యాటు పట్టుకొని కట్ట దిగేవారము. ఎండ ముదిరే సరికి చెట్ల నీడకు చేరేవారము. సాయంకాలము చల్లబడిన తరువాత కబడ్డీ కూత మొదలయ్యేది. వానలు పడి నీరు చేరిన సంవత్సరములలో మా ఆట గట్టుకు జరిగేది. ఆట పోయినదని ఎవరమూ చింతించలేదు. నీరు వచ్చినదని ఊరంతా సంతోషించేది. ఒకే నేల ఒక కాలములో చెరువు, మరొక కాలములో ఆటస్థలము. అప్పుడు ఇందులో మాకు వింత ఏదియు తోచలేదు. మాతో పెరిగిన ఆడపిల్లలకు మాత్రము ఆ మైదానము దక్కలేదు. వారు కట్టమీద నిలిచి చూచినవారే. ఈ సంగతి మరల ప్రస్తావించెదము.

ఇక మన ప్రాంగణము మాట. మేము టేపుతో కొలిచినంతలో అది ఉత్తర దక్షిణములుగా 40 మీటర్లు, తూర్పు పడమరలుగా 30 మీటర్లు. తూర్పున కళాశాల భవనము, తక్కిన మూడు వైపుల ఇండ్ల గోడలు. పడమటి గోడ ప్రక్కన రెండు వేపచెట్లు. నడుమ ఒక వాలీబాల్ నెట్టు, దాని చుట్టు మోటారు సైకిళ్ళు. ఈ స్థలమునంతటిని సిమెంటు గచ్చు చేయించి, వేపచెట్లను తీసివేసి, ఒక రేకుల షెడ్డు వేయించవలెనను ఆలోచన జరుగుచున్నదని విన్నాము. దాతలు ముందుకు వచ్చుచున్నారు. పెద్దల సదుద్దేశమును మేము శంకించుట లేదు. ఇన్నేండ్లకు ఆటల గురించి ఆలోచన కలిగినందుకు కృతజ్ఞులము. కాని ఒకసారి గచ్చు పరచి, చెట్లు నరికిన తరువాత మరల వెనుకకు పోవుట సులభము కాదు. కనుక మాట చెప్పవలసిన సమయము ఇదే.

మన వాతావరణము సంగతి అందరికి తెలిసినదే. జిల్లాలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. వాన కురిసే దినములు ఏటా దాదాపు నాలుగు పదులు. ఇది కరవు సీమ అని పుస్తకములలో చదువుకొన్నాము, ఇంటిలో అనుభవించాము. అయితే కరవు సీమలో వరద రాదనుకొనుట పొరపాటు. 2021 నవంబరులో పొరుగున ఉన్న కడప సీమలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకొనిపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురము పట్టణములోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వచ్చే వాన తక్కువే. కాని అది రెండు మూడు రోజులలో ఒక్క పెట్టున వచ్చి పడుచున్నది. నేలనంతా సిమెంటుతో మూసివేసిన చోట ఆ నీరు ఇంకదు, వీధిలోనికి పరుగెత్తును. నెల తిరుగక మునుపే మనము ట్యాంకరు కొరకు ఎదురు చూచెదము. వేసవిలో ఎండ నలుబది డిగ్రీలు దాటినప్పుడు అదే సిమెంటు పగలంతా వేడిని త్రాగి, పొద్దు గూకిన తరువాత కూడ కక్కుచుండును.

ఎండ, వాన, కరవు ఆటలను శాసించుట మన ఒక్కరి సమస్య కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినందున అక్కడ జరుగవలసిన భారత, వెస్టిండీస్ జట్ల ఒక దిన క్రికెట్ పోటీ రద్దయినది. 2016లో మహారాష్ట్ర కరవుతో అల్లాడుచుండగా, మైదానములకు నీరు పోయుట తగునా అను వివాదము బొంబాయి హైకోర్టుకు చేరినది. ఏప్రిల్ 30 తరువాతి ఐపీఎల్ పోటీలను ఆ రాష్ట్రము వెలుపలికి తరలించవలసినదిగా న్యాయస్థానము ఆదేశించగా, వానిలో కొన్ని విశాఖపట్టణమునకు వచ్చాయి. 2022లో ఖతర్ దేశములో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలను వేసవి వేడికి జడిసి నవంబరు, డిసెంబరు నెలలకు మార్చారు. 2024 వేసవిలో బెంగళూరు నగరము నీటికి కటకటలాడినప్పుడు చిన్నస్వామి క్రీడాప్రాంగణపు పచ్చికను శుద్ధి చేసిన మురుగునీటితో తడిపారు. ధనము, అధికారము కలవారే ఇట్లు తలవంచవలసి వచ్చినప్పుడు మన వంటి చిన్న కళాశాల ముందుచూపు లేకుండ కట్టుట వివేకము కాదు.

మన అనంతపురములోనే గ్రామీణాభివృద్ధి సంస్థ వారి క్రీడా గ్రామము కలదు. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ మైదానములు, 2010లో రాఫెల్ నాదల్ స్వయముగా వచ్చి ప్రారంభించిన టెన్నిస్ పాఠశాల అక్కడ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు ఆ మైదానములోనే జరిగాయి. కరవు జిల్లాలో ఇంతటి క్రీడావసతి ఏర్పడుట గర్వకారణము. కాని అది విశాలమైన భూమి. దానిని చూచి మనము పచ్చిక పరచుకొనవలెననుకొనుట తగదు. పచ్చికకు బోరునీరు కావలెను. కృత్రిమ పచ్చిక వేయుదమందురేమో. ఎండలో దాని ఉపరితలము 60 డిగ్రీలు కూడ దాటునని కొలిచి చూచినవారు తేల్చారు. కాలిజోడు లేకుండ ఆడే మన పిల్లలకు అది పనికిరాదు. విశాలస్థలము గలవారికి ఒక దారి, ఇరుకుస్థలము గలవారికి వేరొక దారి.

ఆ వేరొక దారి మన సీమలోనే ఉన్నది. పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములను, చెరువులకు కలిగే ఆరు దోషములను అందులో వివరించారు. నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువగుట ఒక దోషము. నీరు ఎక్కువై నేల తక్కువగుట మరొక దోషము. ఆరువందల ఏండ్లకు పూర్వము చెరువును గురించి చెప్పిన ఈ రెండు దోషములు నేడు మన పట్టణ ప్రాంగణములో ఒకే ఏడాదిలో కనబడుచున్నాయి. మార్చిలో మొదటిది, అక్టోబరులో రెండవది. ఆ పెద్దలు నేలను చూచి, వాలును చూచి, నీటి రాకను పోకను లెక్కించి కట్టారు. మనము రేకుల ధర, సిమెంటు ధర మాత్రమే లెక్కించుచున్నాము.

ఈ విషయము మాట్లాడుకొనుచుండగా మాలోని ఉర్దూ మాధ్యమ మిత్రులు తమ తాతల ఇండ్లలోని సహన్‌ను, మసీదు ప్రాంగణములోని హౌజ్‌ను గుర్తుచేశారు. తెలుగు మాధ్యమము వారు తొట్టికట్టు ఇండ్లను గుర్తుచేశారు. నడుమ పల్లపు ప్రాంగణము, చుట్టు వసారా, పైనుండి వెలుగు, పడిన వానకు ఒక దారి. భాషలు వేరైనను ఎండకు, వానకు మన పెద్దలు చెప్పిన సమాధానము ఒక్కటే.

దూరదేశములోను ఇదే సమాధానము దొరికినది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరములో బెంథెంప్లేన్ అను చౌకు కలదు. దాని ప్రక్కనే కళాశాల, చుట్టు భవనములు. ఖాళీ స్థలము కొద్దిపాటి. అక్కడ 2013లో మూడు పల్లపు తొట్లు కట్టారు. వానిలో లోతైన తొట్టి పొడిదినములలో విద్యార్థుల ఆటస్థలము. చుట్టు మెట్లే ప్రేక్షకులకు ఆసనములు. పెద్దవాన కురిసినప్పుడు చుట్టుపట్ల మిద్దెల నీరు అందులోనికి వచ్చి నిలుచును. మూడింటిలో కలిపి దాదాపు 17 లక్షల లీటర్లు పట్టును. వీధులు మునుగకుండ ఆ నీరు మెల్లగా బయటికి పోవును. దీనిని చదివినప్పుడు మా శింగనమల చెరువే జ్ఞప్తికి వచ్చినది.

మన ప్రాంగణమునకు దీనిని అన్వయించి చూతము. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. బాస్కెట్‌బాల్ ఆటకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావలెను. చుట్టు రెండేసి మీటర్లు విడిచినచో 32, 19 మీటర్లు, అనగా సుమారు 600 చదరపు మీటర్లు. ఈ భాగమును చుట్టునున్న నేలకంటె జానెడు లోతుగా దింపి, అంచులను ఏటవాలుగా కట్టినచో దాదాపు లక్షా ముప్పది వేల లీటర్లు పట్టును. మన ప్రాంగణము 1,200 చదరపు మీటర్లు, భవనపు మిద్దె సుమారు 1,300. రెండింటిమీద ఒకేసారి 50 మిల్లీమీటర్ల కుంభవృష్టి కురిసినను వచ్చేది లక్షా ఇరువది అయిదు వేల లీటర్లు. అనగా ఆ వాననంతటిని జానెడు లోతు ఆటస్థలము పట్టి ఉంచగలదు. అక్కడినుండి ఇసుక, కంకర నింపిన ఇంకుడు గుంతలోనికి పంపినచో మన బోరుబావికే మేలు. ఏడాది మొత్తము వానను లెక్కించినచో 13,75,000 లీటర్లు. సగము ఆవిరియై, చేజారిపోయినదనుకొన్నను, మిగిలేది 5,000 లీటర్ల ట్యాంకర్లు నూట ముప్పదికి పైగా. ట్యాంకరు ధర ఎరిగినవారు ఈ లెక్కను తీసిపారవేయరు.

ఇక నీడ మాట. మన అక్షాంశమున ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. ఆ వేళ ఏ గోడకు నీడ ఉండదు. కనుక పగటిపూట ఆటకు కప్పు తప్పనిసరి. కాని అన్ని వైపుల మూసిన రేకుల షెడ్డు కప్పు కాదు, పొయ్యి. కప్పు ఎత్తుగా ఉండవలెను. పైభాగమున తెల్లసున్నమో, తెల్లరంగో పూయవలెను. కొప్పువద్ద వేడిగాలి పోవుటకు సందు విడువవలెను. ప్రక్కలు గాలికి తెరచి ఉంచవలెను. పొరుగు రాష్ట్రమైన తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానమునే ప్రకటించినది. సున్నపు మిద్దెలు ఎరిగిన మనకు ఇది క్రొత్త విద్య కాదు. ఆ కప్పు వేయుటకు ఇప్పుడు ధనము చాలనిచో తొందర లేదు. ముందు నేలను సరిచేసి, స్తంభములకు చోటు విడిచి, చెట్లను కాపాడుకొన్నచో కప్పు రెండేండ్ల తరువాత వేయవచ్చును. నరికిన వేపచెట్టు మాత్రము రెండేండ్లలో రాదు.

ఆ వేపచెట్లు పడమటి ప్రక్కన ఉండుట మన అదృష్టము. సాయంకాలపు ఎండ పడమటినుండియే వచ్చును గనుక, ఆట మొదలయ్యే వేళకు వాని నీడ స్థలముమీదికి సాగి వచ్చును. వాని వరుసలో కానుగ మొక్కలు మరి నాలుగు నాటినచో గోడ పొడవునా నీడ దొరకును. ఆటస్థలపు పొడవును ఉత్తర దక్షిణములుగా పెట్టినచో ఉదయము, సాయంత్రము ఎండ ఆటగాళ్ళ కండ్లలో పడదు. మన స్థలపు పొడవు అట్లే ఉన్నది. పడమటి భాగమున మిగిలే నేలను గచ్చు చేయక, గరుసు, బంకమన్ను కలిపి రోలరుతో అణచి ఉంచవలెను. బాలికల కబడ్డీ కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలును. అది చెట్ల నీడలో సరిగా ఇముడును. దుమ్ము లేవకుండ తడుపుటకు మంచినీరు అక్కరలేదు. వజూ చేసుకొనే చోట, చేతులు కడుగుకొనే కొళాయిల వద్ద సబ్బు కలియని నీరు ప్రతిదినము కాలువలో పోవుచున్నది. రెండువందల మంది తలకు మూడు లీటర్లు వాడిరనుకొన్నచో 600 లీటర్లు. కబడ్డీ కోర్టుకు అది చాలును.

ఇప్పుడు ముందు చెప్పి విడిచిన సంగతికి వచ్చెదము. ఎండ ఎక్కువైనను, స్థలము తక్కువైనను మొదట ఆటకు దూరమగువారు బాలికలు. వ్యాయామపు గంటలో మన విద్యార్థినులు మెట్ల క్రింద నిలిచి కబుర్లు చెప్పుకొనుట అందరము చూచుచున్నదే. వారికి ఆసక్తి లేదని కొందరు అందురు. మేము అడిగి చూచితిమి. ఎండలో వీధివారి కండ్లముందు ఆడుటకు ఇష్టము లేదన్నారు గాని ఆట ఇష్టము లేదని ఒక్కరును అనలేదు. నీడ, తెర వంటి చెట్ల వరుస, బట్టలు మార్చుకొనుటకు ఒక గది, త్రాగుటకు కుండనీరు ఉన్నచో వారు మనకంటె ముందే కోర్టులో ఉందురు. నిజామాబాదు పట్టణములో పుట్టి పెరిగిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేతగా నిలిచినది. ఆమె పోరాడిన బరి త్రాళ్ళ నడుమ కొలత ఆరుమీటర్ల చిల్లర మాత్రమే. ప్రతిభకు ఎకరాలు అక్కరలేదు, నిలుచుటకు చోటు కావలెను.

కొందరు మిత్రులు మా ఆలోచనకు అభ్యంతరములు చెప్పారు. వానిని దాచుట న్యాయము కాదు. నీరు నిలిచినచో దోమలు పుట్టునన్నారు. దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చి ఎగురుటకు సుమారు వారము పట్టును. ఒకటి రెండు దినములలో నీరు దిగిపోవునట్లు కట్టినచో దోమకు వ్యవధి ఉండదు. అయితే ఏటా తొలకరికి ముందు ఇంకుడు గుంతలోని ఒండ్రు తీయించవలెను. ఆ పని మరచినచో అభ్యంతరము చెప్పినవారి మాటే నెగ్గును. వాన దినములలో ఆట ఆగిపోవునన్నారు. వానలో ఆట ఎట్లును ఆగును. నాలుగు పదుల దినముల కొరకు మిగిలిన మూడువందల పైచిలుకు దినములను ఎండకు అప్పగించరాదు. పిల్లలు నీటిలో పడుదురేమో అన్నారు. జానెడు లోతు, ఏటవాలు అంచు, పొంగినప్పుడు బయటికి పోవుటకు ఒక తూము, విద్యుత్తు తీగలు నేలకు దూరముగా ఎత్తున ఉండుట, ఈ నాలుగు జాగ్రత్తలు తీసుకొన్నచో భయపడ పనిలేదు. ఇరుకు స్థలములో మోటారు సైకిళ్ళు ఎక్కడ పెట్టవలెనన్న ప్రశ్నకు మాత్రము మా వద్ద సుఖమైన సమాధానము లేదు. వాహనములు బయట, విద్యార్థులు లోపల ఉండుట మేలని మాత్రము చెప్పగలము.

చిన్నస్థలములో గొప్ప ఆటగాళ్ళు పుట్టరన్న మాట కూడ విన్నాము. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ పోటీలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకమును సాధించినది. ఉన్న వసతితో ఆటను తీర్చిదిద్దుట ఉపాధ్యాయుని పని. ఆ వసతి ఎండకు మాడక, వానకు మునుగక నిలుచునట్లు చేయుట కళాశాల పని.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. ఉండవలెనని చెప్పినది గాని ఎట్లుండవలెనో స్థలమునుబట్టి ఆలోచించుకొనుట మన వంతు. కోస్తాలో తుపాను గాలికి నిలుచునట్లు, మన సీమలో ఎండకు, అరుదైన వరదకు నిలుచునట్లు కట్టుకొనవలెను. ఒక ఊరి నక్షాను మరొక ఊరిలో దింపరాదు.

కావున పెద్దలకు మా విన్నపము ఇది. గచ్చు పని మొదలుపెట్టుటకు ముందు ఒక వానాకాలము ఆగి, మన ప్రాంగణములో నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఎక్కడ నిలుచుచున్నదో గుర్తించవలెను. ఆ పనిని విద్యార్థులకే అప్పగించినచో సున్నముతో గీతలు గీసి, కొలతలు వ్రాసి సమర్పించెదము. వేపచెట్ల జోలికి పోరాదు. ఆటస్థలమును జానెడు లోతుగా దింపవలెను. వేసవిలో వ్యాయామపు గంటను ఉదయము మొదటి గంటగానో, సాయంత్రము చివరి గంటగానో మార్చవలెను. ఈ చివరి పనికి దాతలు అక్కరలేదు, కాలపట్టికలో ఒక గీత చాలును.

మేము ఈ ఏడాదితో కళాశాల విడిచి పోవుచున్నాము. ఆ నీడలో ఆడే భాగ్యము మాకు ఉండదు. రాబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆడవలెను. చెరువు త్రవ్వించినవారు ఆ నీటిని తామే త్రాగవలెనని త్రవ్వించలేదు. మన పెద్దలు ఈ మాటను ఆలకింతురని ఆశించుచున్నాము.